ఒడ్డున పడవ... లోపల బ్యాటరీ!

జనగామలో పడవ మోటారు ముచ్చటేమిటని నవ్వుకునేవాళ్లు ఉంటారు. నిజమే మరి! నది లేని ఊరు. కరువు అనగానే ముందుగా గుర్తొచ్చే ప్రాంతం. అక్కడ మోటారు అంటే బోరు మోటారే. వోల్టేజీ సరిగా లేని రోజుల్లో అది కాలిపోవడం, రైతు దాన్ని పైకి లాగించి, బండి మీద వేసుకుని, వైండింగ్ షాపు ముందు దించడం... ఇంటింటి అనుభవమే. షాపులో దాన్ని విప్పితే లోపల మాడి నల్లబడిన రాగితీగ చుట్టలు కనిపిస్తాయి. ఆ చుట్టలున్న భాగాన్నే స్టేటర్ అంటారు. మళ్లీ తీగ చుట్టి, వార్నిష్ పట్టించి, ఆరబెట్టి ఇచ్చేదాకా పొలం ఎండుతూనే ఉంటుంది.

పడవ వెనక తగిలించే మోటారు తన బ్యాటరీని తానే ఎలా ఛార్జి చేసుకుంటుందో తెలియాలంటే, ఆ షాపు ముందు ఓ పది నిమిషాలు నిలబడితే చాలు. బోరు మోటారులో రాగి చుట్టల్లోకి కరెంటు వెళ్తుంది, మధ్యలో ఇరుసు తిరుగుతుంది. పడవ మోటారులో సరిగ్గా తిరగేసిన వ్యవహారం. అక్కడ తిరగడం ముందు, కరెంటు తర్వాత!

పైగా ఇప్పుడు జనగామ జిల్లాలో పడవలకు నీళ్లూ ఉన్నాయి. దేవాదుల ఎత్తిపోతల పథకం కింద గోదావరి నీళ్లను గంగారం దగ్గర తోడి, పైపుల్లో పంపుతున్నారు. బొమ్మకూరు, నవాబుపేట, స్టేషన్ ఘన్‌పూర్ రిజర్వాయర్లు నిండితే ఒకప్పటి మెట్టనేలలో చేపల వల పడుతుంది. చాలామంది మత్స్యకారులకు ఇప్పటికీ తెప్పా, పుట్టే ఆధారం. మోటారు పడవ కొనడమంటే పెద్ద ఖర్చు. అంత ఖర్చు పెట్టి కొన్నవాళ్లకు తొలి ఏడాదిలో ఎదురయ్యే తలనొప్పి మాత్రం చాలా చిన్నది. సెల్ఫ్ బటన్ నొక్కితే 'టక్' మని ఒక్క చప్పుడు... అంతే. మోటారు కదలదు. బ్యాటరీ దిగిపోయింది. మోటారే ఛార్జి చేసుకుంటుందని అమ్మినాయన చెప్పాడు కదా! ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. సగమే చెప్పాడు.

టోపీ కింద ఏముంది?

మోటారు పైనున్న టోపీలాంటి మూత తీస్తే ముందుగా కనిపించేది గుండ్రటి ఇనుప చక్రం. అదే ఫ్లైవీల్. దాని లోపలి అంచున అయస్కాంతాలు అతికించి ఉంటాయి. చక్రం కింద కదలకుండా బిగించిన స్టేటర్, దాని చుట్టూ రాగి తీగ. ఇంజన్ తిరిగితే చక్రం తిరుగుతుంది. చక్రంతోపాటు అయస్కాంతాలు ఒకదాని వెంట ఒకటి రాగి చుట్టల మీదుగా పరుగెడతాయి. అలా పరుగెత్తినప్పుడల్లా తీగలో కరెంటు పుడుతుంది. 1831లో మైఖేల్ ఫారడే కనిపెట్టిన సంగతి ఇదే. సైకిల్ డైనమో నుంచి భూపాలపల్లి పక్కన చెల్పూరులో ఉన్న 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం దాకా అన్నిటికీ మూలసూత్రం అదే. అక్కడ బొగ్గు కాల్చి ఆవిరితో తిప్పుతారు. ఇక్కడ పెట్రోలు తిప్పుతుంది. చిన్న పడవ మోటారు పుట్టించేది ఓ డెబ్భై, ఎనభై వాట్లు మాత్రమే!

ఆ కరెంటు అటూ ఇటూ ఊగే ఏసీ. బ్యాటరీకి అది పనికిరాదు. దానికి ఒకే దిక్కున పారే డీసీ కావాలి. మధ్యలో రెక్టిఫైయర్ అనే చిన్న డబ్బా ఆ పని చేస్తుంది. దాని పక్కనే, చాలా మోటార్లలో దానితో కలిపే, రెగ్యులేటర్ ఉంటుంది. ఇంజన్ ఎంత జోరుగా తిరిగినా వోల్టేజీని సుమారు 14, 14.5 దగ్గర ఆపి ఉంచడం దాని బాధ్యత. అది లేకపోతే బ్యాటరీలో నీళ్లు మరిగి ఆవిరైపోతాయి. బైకు మెకానిక్‌ను అడిగినా ఇదే చెబుతాడు. 'మ్యాగ్నెట్ కాయిల్, రెగ్యులేటర్' అని అతను పిలిచే జంటే పడవ మీదికీ ఎక్కింది.

ఇందులో ఓ తమాషా ఉంది. చిన్న మోటార్లలో ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ వేరు, బ్యాటరీని ఛార్జి చేసే కాయిల్ వేరు. అందుకే తాడు లాగి స్టార్ట్ చేసే మోటారుకు అసలు బ్యాటరీ లేకపోయినా ఫరవాలేదు, గంటలకొద్దీ నడుస్తుంది. అమెరికాలో ఓలె ఎవిన్రూడ్ 1909లో అమ్మకానికి పెట్టిన తొలి మోటార్లకు తాడు కూడా ఉండేది కాదు. చక్రం మీదున్న పిడి పట్టుకుని చేత్తో గిర్రున తిప్పాల్సిందే. ఇప్పటి పెద్ద మోటార్ల సంగతి వేరు. పెట్రోలు పంపు, కంప్యూటర్ పెట్టె... అన్నీ బ్యాటరీ మీదే ఆధారపడతాయి. బ్యాటరీ బాగా నీరసిస్తే స్టార్ట్ కాకపోవడమే కాదు, నడుస్తున్న ఇంజన్ కూడా తడబడుతుంది.

సెల్ఫ్ కాదు దొంగ!

కొత్తగా కొన్నవాళ్లలో ఎక్కువమంది నమ్మకం ఏమిటంటే, సెల్ఫ్ కొట్టడమే బ్యాటరీని తినేస్తుందని. లెక్క వేసి చూస్తే అలా కనిపించదు. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగినా, లాగేది నాలుగు సెకన్లు. కలిపితే ఆంపియర్-గంటలో ఆరో వంతు. ఆరు ఆంపియర్లు ఇచ్చే చిన్న మోటారయినా దాన్ని రెండు మూడు నిమిషాల్లో తిరిగి నింపేస్తుంది. మరి దొంగ ఎవరు?

ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఇచ్చే కరెంటు, కంపెనీ పుస్తకంలో రాసిన అంకెలో చిన్న భాగమే. ఆ పుస్తకంలో ఉన్నది నిమిషానికి ఐదారు వేల చుట్లు తిరిగినప్పటి అంకె. వల తీసేవాడు అంత వేగంగా ఎక్కడ వెళ్తాడు? కట్ట నుంచి వల దాకా పావుగంట, మళ్లీ ఆగడం, మెల్లగా జరగడం, మళ్లీ ఆగడం. ఈలోగా దీపం వెలుగుతుంటుంది. పడవలో చేరిన నీళ్లు తోడే చిన్న పంపు నడుస్తుంటుంది. ఎవరిదో ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటుంది. 60 వాట్ల సెర్చిలైటు ఒక్కటే ఐదు ఆంపియర్లు లాగుతుంది. నెమ్మదిగా తిరిగే చిన్న మోటారు ఇచ్చేది అందులో సగం కూడా ఉండకపోవచ్చు. అంటే ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, బ్యాటరీ దిగుతూనే ఉంటుంది. నడుస్తున్నంతసేపూ ఎవరికీ తెలియదు. ఆపి, మళ్లీ బటన్ నొక్కినప్పుడే తెలుస్తుంది.

ఎనిమిది నెలలు ఎండ... ఒక్క రాత్రి వరద

జనగామ నుంచి పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్ జిల్లాలోకి వెళ్తే నీళ్ల స్వభావం మారిపోతుంది. ఇది వాగుల సీమ. పాకాల చెరువు నుంచి పుట్టే మున్నేరు, ఆకేరు, పాలేరు. బయ్యారంలో గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన పెద్ద చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. ఆనాటి శాసనంలో దాని పేరు ధర్మకీర్తి సముద్రం. పేరు సముద్రమైనా చెరువు చెరువే. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి జరుగుతాయి, పడవలు ఒడ్డెక్కుతాయి.

అసలు కథ మొదలయ్యేది అక్కడే. మామూలు సీసపు బ్యాటరీ ఏ పనీ చేయకుండా ఉన్నా నెలకు ఐదు శాతం దాకా తనంతట తానే ఖాళీ అవుతుంది. ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ. ఏదో చిన్న మీటరో, లైటో వైరుకు తగిలించి ఉంటే చెప్పనే అక్కర్లేదు. సగం ఖాళీ అయిన బ్యాటరీని అలాగే నెలల తరబడి వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. అప్పుడిక ఛార్జి పెట్టినా పూర్తిగా పట్టదు. అంటే ఈ జిల్లాల్లో బ్యాటరీలను చంపేది వాడకం కాదు, వాడకపోవడం.

ట్రాక్టర్ ఉన్న ఇంట్లో దీనికో చిట్కా ఉంటుంది. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు వదిలేయడం. పడవ మోటారుకు ఆ చిట్కా పనికిరాదు. ఎందుకంటే దాన్ని చల్లబరిచేది బయటి నీళ్లే. నీళ్లు లేకుండా నడిపితే లోపలి పంపులోని రబ్బరు రెక్కలు క్షణాల్లో మాడిపోతాయి, తర్వాత ఇంజనే వేడెక్కి పట్టేస్తుంది. డ్రమ్ములో నీళ్లు పోసి నడిపినా, మెల్లగా తిరిగే ఆ పది నిమిషాల్లో బ్యాటరీకి దక్కేది అంతంతమాత్రం. అంతకన్నా బ్యాటరీని విప్పి ఇంటికి తెచ్చి, నెలకోసారి ఛార్జర్‌కు పెట్టుకోవడం మేలు. ట్రాక్టర్ బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టే షాపు ఏ మండల కేంద్రంలోనైనా ఉంటుంది. అడిగే డబ్బులు కూడా తక్కువే.

ఇదంతా చేపలు పట్టేవాళ్ల గొడవ అనుకోవడానికి లేదు. 2024 ఆగస్టు 31 రాత్రి మొదలైన వానకు ఆకేరు పొంగింది. సెప్టెంబరు 1 తెల్లారేసరికి కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. మరిపెడ మండలం సీతారాం తండాను నీళ్లు ముంచెత్తాయి. జనం డాబాలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఎనిమిది నెలలు ఎవరికీ పట్టని పడవ అలాంటి ఒక్క ఉదయం ఊరందరికీ కావాలి.

మోరంచపల్లి

మహబూబాబాద్ నుంచి నర్సంపేట, పరకాల మీదుగా భూపాలపల్లికి వెళ్లే దారిలో మోరంచ వాగు వంతెన వస్తుంది. మామూలు రోజుల్లో బస్సులో వాళ్లు తల తిప్పి కూడా చూడని వాగు. దాని పక్కనే మోరంచపల్లి. 2023 జులై 27 తెల్లవారుజామున ఆ వాగు ఊరి మీదికి వచ్చింది. అంతకుముందు 24 గంటల్లో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 61 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్లు. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. నిద్రలో ఉన్న జనం ఇళ్లపైకి, చెట్లపైకి ఎక్కారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ పడవలు, సైనిక హెలికాప్టర్లు వచ్చేదాకా గంటలకొద్దీ అక్కడే ఉన్నారు. నలుగురు వరదలో కొట్టుకుపోయారు.

వరదలో మునిగిన ఊళ్లో పడవ ఎలా నడుస్తుందో ఒకసారి ఊహించుకుంటే ఛార్జింగ్ లెక్క ఎందుకింత ముఖ్యమో అర్థమవుతుంది. వీధిలో వేగంగా వెళ్లడానికి లేదు. నీటి కింద కంచెలు, కరెంటు స్తంభాలు, తేలుతున్న మొద్దులు. మోటారు మెల్లగానే తిరగాలి. చీకటైతే సెర్చిలైటు వెలుగుతూనే ఉండాలి. ఇంటి దగ్గరికి వచ్చి పిల్లల్ని, ముసలివాళ్లని దించుకునేటప్పుడు పంకా ఎవరికీ తగలకుండా ఇంజన్ ఆపేయాలి. ఎక్కించుకుని మళ్లీ స్టార్ట్ చేయాలి. మళ్లీ ఇంకో ఇల్లు. అంటే కరెంటు తక్కువ పుట్టే వేగం, కరెంటు ఎక్కువ తినే దీపం, మాటిమాటికీ సెల్ఫ్... మూడూ ఒకేసారి! అంతకుముందే ఒడ్డున సగం చచ్చిన బ్యాటరీ అయితే ఎన్నో ఇంటి దగ్గర మొండికేస్తుందో చెప్పలేం. వరద మధ్యలో ఆగిన పడవకు ఏ చుక్కానీ పనిచేయదు.

సహాయక దళాలు వాడే చిన్న గాలి పడవలకు తాడు లాగే మోటార్లు కట్టడం మామూలే. అది పాతకాలపు అలవాటేమీ కాదు. బ్యాటరీ ఉన్నా లేకపోయినా, రెండు చేతులుంటే చాలు స్టార్ట్ అవుతుంది. సెల్ఫ్ ఉన్న మధ్యరకం మోటార్లు కొన్నిటికి కూడా కంపెనీ వాళ్లు అత్యవసర తాడు ఇస్తారు. పై మూత తీసి, ఫ్లైవీల్ చుట్టూ చుట్టి లాగాలి. కొత్తగా కొన్నవాళ్లలో ఎంతమంది ఆ తాడును సంచిలోంచి బయటికి తీసి చూశారన్నది వేరే ప్రశ్న. పొడి నేల మీద, పగటి పూట, ఒక్కసారైనా దాన్ని చుట్టే పద్ధతి చూసుకోవాలి. అర్ధరాత్రి వానలో మొదటిసారి చుట్టడం ఎవరి తరమూ కాదు.

త్రివేణీ సంగమం దగ్గర

భూపాలపల్లి దాటి కాటారం, మహదేవపూర్ మీదుగా వెళ్తే కాళేశ్వరం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, యముడికొకటి శివుడికొకటి. గుడి నుంచి కాస్త దూరం నడిస్తే గోదావరిలో ప్రాణహిత కలిసే చోటు. అంతర్వాహినిగా సరస్వతి కూడా ఉందని నమ్మకం. 2025 మే నెలలో సరస్వతి పుష్కరాలకు జనం తరలివచ్చింది అందుకే. అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరోంచ. వంతెన రాకముందు అటు పెళ్లిళ్లకూ ఇటు సంతలకూ పడవే దిక్కు. సరిహద్దుకు అటూ ఇటూ తెలుగు మాట్లాడే బంధువులే మరి!

ఇక్కడ నది ఒక్కోసారి ఒక్కో వేషం వేస్తుంది. 2019లో మేడిగడ్డ బ్యారేజీ మొదలయ్యాక కొన్నేళ్లు నీళ్లు నిండుగా నిలిచాయి. 2022 జులై వరదకు కన్నెపల్లి పంపుహౌస్ మునిగి, నీళ్లు తోడాల్సిన మోటార్లే నీళ్లలో పడ్డాయి. 2023 అక్టోబరు 21న బ్యారేజీ పియర్లు కుంగడంతో నీటి నిల్వ ఆగిపోయింది. మళ్లీ ఎండాకాలం ఇసుక తిన్నెలు. లోతు లేని చోట మోటారును పైకి లేపి, గడతో తోసుకుంటూ పోవాలి. తిన్నె దాటాక మళ్లీ సెల్ఫ్. పోయే దూరం తక్కువ, ఆపడాలు ఎక్కువ. పైగా ఇసుక నీళ్లు చల్లబరిచే పంపును అరగదీస్తాయి. ఇలాంటి చోట దీపాలకూ పంపుకూ ఒక బ్యాటరీ, సెల్ఫ్‌కు విడిగా మరొకటి పెట్టుకోవడం దుబారా కాదు. రాత్రంతా దీపం వెలిగినా, పొద్దున స్టార్ట్ చేసే బ్యాటరీ జోలికి ఏదీ వెళ్లదు.

మోటారు నిజంగా ఛార్జి చేస్తోందో లేదో తెలుసుకోవడానికి కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ చాలు. ఇంజన్ ఆపి ఉంచిన కొన్ని గంటల తర్వాత బ్యాటరీ మీద పెడితే 12.6 పైన చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కన్నా తగ్గితే పడవ తాడు విప్పకపోవడమే మంచిది. ఇంజన్ నడుస్తున్నప్పుడు, కాస్త జోరు పెంచితే, ముల్లు 13.5 నుంచి 14.5 మధ్యకు ఎక్కాలి. ఎక్కలేదా? ముందు ఫ్యూజు, టెర్మినళ్ల మీది తెల్లపొడి చూడాలి. ఆ తర్వాతే కాయిల్‌నూ రెక్టిఫైయర్‌నూ అనుమానించాలి. చాలాసార్లు ఆ పొడి తుడిచి, టెర్మినల్ బిగించి, కాస్త వాజలీన్ రాస్తే పని అయిపోతుంది. 15 దాటి చూపిస్తే మాత్రం రెగ్యులేటర్ పోయినట్టే. బ్యాటరీ ఉడికిపోకముందే మెకానిక్ దగ్గరికి వెళ్లాలి.

చేయకూడని పనులు రెండున్నాయి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకకూడదు. పెరిగిన వోల్టేజీకి పోవడానికి చోటు లేక రెగ్యులేటర్, దాంతో పాటు మిగతా ఎలక్ట్రానిక్ సామాను కాలిపోతాయి. రెండోది, ఎర్ర వైరూ నల్ల వైరూ తారుమారు చేయడం. ఒక్క క్షణం తగిలినా రెక్టిఫైయర్ పోతుంది. చీకట్లో, తొందరలో, బ్యాటరీ మార్చేటప్పుడే ఈ రెండూ జరుగుతాయి. ఈ మధ్య తేలిక అని లిథియం బ్యాటరీలు తెచ్చి పెట్టేవాళ్లూ ఉన్నారు. ప్రతి మోటారు ఛార్జింగూ వాటికి సరిపడదు. కంపెనీ పుస్తకం చూడకుండా పెట్టకూడదు.

జూన్ మొదటి వారంలో మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు ఈ మూడు జిల్లాల్లోనూ చేప లేని ఇల్లు ఉండదు. చెరువుల దగ్గర తెల్లారకముందే బేరాలు మొదలవుతాయి. వలలవాళ్లకు ఏడాదిలోకెల్లా రద్దీ రోజు. దానికి వారం ముందే బ్యాటరీని షాపులో దించి, డిస్టిల్డ్ వాటర్ పోయించి, రాత్రంతా ఛార్జింగ్‌కు పెట్టించి తెచ్చుకుంటే మృగశిర నాటి వలకూ సరిపోతుంది. ఆ తర్వాత నెల తిరిగేసరికి ప్రాణహితలో ఎర్రనీళ్లు దిగుతాయి. అప్పటికి పడవలోని తాడు కూడా ఒకసారి చేతికి అలవాటై ఉండాలి.